మస్కట్‌లో కొలువు... బ్రిటన్‌లో చదువు

కోరుట్ల, మెట్‌పల్లి, రాయికల్ పల్లెల్లో గల్ఫ్ సంగతి తెలియని ఇల్లు అరుదు. తాపీ పనికి పోయినవారు, డ్రైవర్లుగా పోయినవారు, తోటల్లో పనికి పోయినవారు ప్రతి ఊళ్ళోనూ వున్నారు. వారి వీసాల తిప్పలు, ఏజెంట్ల మోసాలు పత్రికల్లో వస్తూనే వుంటాయి. అయితే అదే విమానంలో, అదే గల్ఫ్‌కు, చేతిలో డిగ్రీ సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని పోయే మనిషి మరొకరున్నారు. ఆయన బడిపంతులు. ఆయన గురించి ఎవరూ పెద్దగా రాయరు.

ఒక్క ఒమన్ దేశంలోనే మన భారతీయ పిల్లల కోసం నడుస్తున్న బడులు ఇరవైకి పైగా వున్నాయి. ఢిల్లీ కేంద్రంగా పనిచేసే సి.బి.ఎస్.ఇ. బోర్డు సిలబస్సే అక్కడా. మన దగ్గర జూన్‌లో బడులు తెరిచే వేళకు అక్కడ ఎండలకు తాళలేక బడులు మూసి సెలవులిస్తారు. శుక్ర, శనివారాలు సెలవు. ఆదివారం పొద్దున్నే గంట కొడతారు.

అలాంటి బడిలో పనిచేస్తున్న లెక్కల మాస్టారిని ఒకరిని అనుకోండి. పేరుతో పనిలేదు. జగిత్యాల చుట్టుపక్కల పల్లె. ఎం.ఎస్సీ., ఎం.ఎడ్. చదివారు. ఇక్కడ ప్రైవేటు స్కూలు జీతంతో ఇల్లు గడవక మస్కట్ వెళ్ళి ఎనిమిదేళ్ళయింది. వయసు నలభై దగ్గర. ఎన్నాళ్ళీ పరాయి కొలువు, ఎప్పటికైనా వచ్చి మన జిల్లాలో బి.ఎడ్. కాలేజీ లెక్చరర్‌గా స్థిరపడాలని ఆశ. దానికి డాక్టరేటు వుంటే మేలు. ఉద్యోగం మానుకుని వచ్చి యూనివర్శిటీ హాస్టల్లో కూర్చునే వీలు లేదు. ఇంటి అప్పు వుంది, ఇద్దరు పిల్లలున్నారు.

అప్పుడు ఆయన చెవిన పడే మాట ‘ఎడ్.డి.’

బి.ఎడ్., ఎం.ఎడ్. తెలుసు - ఇదేమిటి?

బి.ఎడ్. అంటే ఏమిటో పల్లెల్లో అందరికీ తెలుసు. ఎం.ఎడ్. కూడా తెలుసు. ఎడ్.డి. అంటే ‘డాక్టర్ ఆఫ్ ఎడ్యుకేషన్’. పేరు ముందు డాక్టర్ అని రాసుకోవచ్చు. సూదిమందు వేసే డాక్టరు కాదు, పిహెచ్.డి. వంటి డాక్టరే. తేడా ఎక్కడుందంటే, పిహెచ్.డి. పరిశోధనే వృత్తిగా పెట్టుకునేవారి కోసం పుట్టింది. ఎడ్.డి. మాత్రం ఇప్పటికే బడిలోనో, కాలేజీలోనో, విద్యాశాఖలోనో పనిచేస్తున్నవారు తమ పనిలో ఎదురయ్యే చిక్కునే పరిశోధన చేసి, దానికొక దారి వెతికేందుకు పెట్టిన చదువు. అందుకే దాన్ని వృత్తి డాక్టరేటు అంటారు.

ఇది నిన్నమొన్న పుట్టినదేమీ కాదు. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం 1921లోనే ఈ పట్టా ఇచ్చింది. బ్రిటన్‌కు రావడానికి మాత్రం మరో డెబ్బై ఏళ్ళు పట్టింది. అక్కడ తొలి ఎడ్.డి. కోర్సును బ్రిస్టల్ విశ్వవిద్యాలయం 1992లో మొదలుపెట్టింది. తర్వాత ఒకటొకటిగా చాలా విశ్వవిద్యాలయాలు అందిపుచ్చుకున్నాయి. చిత్రమేమిటంటే, అంత ముందుగా మొదలుపెట్టిన హార్వర్డే దాన్ని వదిలేసింది. 2014 నుంచి దాని స్థానంలో విద్యాశాస్త్రంలో పిహెచ్.డి. పెట్టింది. ఎడ్.డి.కీ పిహెచ్.డి.కీ అసలు తేడా వుందా, వుంటే ఎంత అన్న తగువు అమెరికాలో ఇప్పటికీ తెగలేదు. ఆ తగువు తెగకపోవడం వల్ల నష్టపోయేదెవరో తర్వాత చూద్దాం.

బ్రిటన్ పద్ధతిలో సాధారణంగా ఈ చదువు రెండు భాగాలు. మొదటి రెండేళ్ళు పాఠాలు, వ్యాసాలు. తర్వాత మూడేళ్ళో అంతకు మించో పరిశోధన, సిద్ధాంత గ్రంథం. పిహెచ్.డి. గ్రంథం ఎనభై వేల మాటల దాకా వుంటే, ఎడ్.డి. గ్రంథం నలభై నుంచి అరవై వేల మాటల మధ్య వుంటుంది. తక్కువే కదా అనిపించవచ్చు. కానీ ముందు రాసిన వ్యాసాలన్నీ కలుపుకుంటే రాత పని ఇంచుమించు సమానమే అవుతుంది. ఐదారేళ్ళ కంటే ముందు ముగించినవారు తక్కువ.

ఇక అందరికీ నచ్చే సంగతి: ఏడాది పొడుగునా అక్కడే వుండనక్కరలేదు. కొన్ని చోట్ల ఏడాదికి ఒకటి రెండు సార్లు వారమో పది రోజులో వెళ్ళి తరగతుల్లో కూర్చోవాలి. మిగతా అంతా ఇంటి నుంచే. ఇంగ్లండ్‌లోని బాత్ నగర విశ్వవిద్యాలయానికి వివిధ దేశాల అంతర్జాతీయ పాఠశాలల్లో పనిచేసే టీచర్లలో ఇలాంటి చదువుకు చాలాకాలంగా పేరుంది. ఎక్సెటర్ విశ్వవిద్యాలయమైతే ఇంగ్లీషు బోధించేవారి కోసం దుబాయ్‌లోనే ఎడ్.డి. తరగతులు నడిపింది.

దూరవిద్య అన్నమాట మన జిల్లాకు కొత్త కాదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లో పుట్టింది. దాని తొలి వైస్ ఛాన్సలర్ కరీంనగర్ జిల్లా బిడ్డ, ప్రొఫెసర్ జి. రాంరెడ్డి. అప్పట్లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1985లో ఢిల్లీలో ఇగ్నో పెట్టినప్పుడు దానికీ ఆయనే తొలి వైస్ ఛాన్సలర్. పొలం పని చేసుకుంటూ, గుమాస్తా పని చేసుకుంటూ డిగ్రీ చదివినవారు మన ఊళ్ళలో ఎందరో వున్నారు. కాని డిగ్రీ వేరు, డాక్టరేటు వేరు.

రాత్రి పది గంటల క్లాసు

మన లెక్కల మాస్టారు చేరారనే అనుకోండి. చలికాలంలో ఇంగ్లండ్‌లో సాయంత్రం ఆరు గంటలకు కంప్యూటర్ తెర మీద క్లాసు మొదలైతే మస్కట్‌లో రాత్రి పది. పల్లెలో అమ్మానాన్నలకు పదకొండున్నర. క్లాసు అయ్యేసరికి అర్ధరాత్రి. పొద్దున ఐదున్నరకు లేచి స్కూలు బస్సు అందుకోవాలి. పిల్లల నోటుపుస్తకాలు దిద్దాలి, పరీక్ష పేపర్లు తయారుచేయాలి. శుక్రవారం ఒక్కటే కాస్త చదువుకునే రోజు. ఆ శుక్రవారమే పిల్లలు సముద్రం ఒడ్డుకు తీసుకుపొమ్మని మారాం చేసే రోజు కూడా.

పుస్తకాలకు మాత్రం లోటుండదు. నంబరు, పాస్‌వర్డు ఇచ్చిన మరుక్షణం విశ్వవిద్యాలయం లైబ్రరీలోని పరిశోధన పత్రికలన్నీ మస్కట్ గదిలో తెరుచుకుంటాయి. చిక్కు చదవడంలో కాదు, రాయడంలో వస్తుంది. ఇరవై ఏళ్ళు లెక్కల సూత్రాలు బోర్డు మీద రాసిన చేతికి ‘నీ అభిప్రాయం ఏమిటి, దానికి ఆధారమేమిటి, నిన్ను కాదన్నవారికి నీ జవాబేమిటి’ అని పేజీల కొద్దీ ఇంగ్లీషులో రాయమంటే వణుకు పుడుతుంది. మొదటి వ్యాసం ఎర్రసిరా గీతలతో తిరిగొచ్చినప్పుడు కుంగిపోని మాస్టారు వుండరు. పిల్లల పేపర్లు దిద్ది దిద్ది వున్నారు కదా, దిద్దించుకోవడం ఎలా వుంటుందో అప్పుడు తెలుస్తుంది.

ఈ చదువులో మంచి సంగతి బ్యాచి. ఒకేసారి చేరిన పది పదిహేను మంది కలిసి సాగుతారు. ఒకరు కెన్యాలో హెడ్‌మాస్టరు, ఒకరు హాంకాంగ్‌లో ఇంగ్లీషు టీచరు, ఒకరు లండన్‌లో నర్సులకు పాఠాలు చెప్పే ఆమె. వీరి మధ్య నడిచే మాటలే సగం చదువు అంటారు. పాఠాల కాలం ముగిశాక ఎవరి గ్రంథం వారిదే. ఎక్కువమంది ఆగిపోయేది అక్కడే. అమెరికాలో అలా ఆగిపోయినవారికి ‘గ్రంథం తప్ప అన్నీ అయిన మనిషి’ అని ఎగతాళి పేరే వుంది. బ్రిటన్‌లో కొన్ని విశ్వవిద్యాలయాలు అలాంటివారికి మాస్టర్స్ స్థాయి పట్టా ఇచ్చి పంపుతాయి. చేరే ముందే ఆ ఏర్పాటు వుందో లేదో అడిగి తెలుసుకోవడం మంచిది.

సొంత బడి మీదే పరిశోధన

ఎడ్.డి.లో అసలు పస, అసలు గండం రెండూ ఇక్కడే వున్నాయి.

మాస్టారి తరగతిలో నలభై మంది పిల్లలు. ఇంట్లో ఒకరు మలయాళం, ఒకరు ఉర్దూ, ఒకరు తమిళం, ఒకరు తెలుగు మాట్లాడతారు. లెక్కల పుస్తకం ఇంగ్లీషులో వుంటుంది. కూడికలు తీసివేతలు చకచకా చేసే పిల్లవాడు అదే లెక్కను నాలుగు వాక్యాల కథగా ఇస్తే తెల్లమొహం వేస్తాడు. అది లెక్క రాకనా? ఇంగ్లీషు రాకనా? ఇద్దరు పిల్లలు తమ భాషలో గుసగుసగా మాట్లాడుకుని లెక్క విప్పుకుంటే టీచరు వారిని కసరాలా, మెచ్చుకోవాలా? ఇది పరిశోధన చేయదగిన ప్రశ్న. ఊరి నుంచి ఇంగ్లీషు మీడియానికి పోయే మన పిల్లల బాధా ఇదే కనుక, మన జిల్లాకూ పనికొచ్చే ప్రశ్న.

అయితే విశ్వవిద్యాలయం మొదట అడిగేది ప్రశ్న ఎంత గొప్పదని కాదు. ‘ఎవరి అనుమతి తీసుకున్నావు?’ అని. బ్రిటన్‌లో విద్యా పరిశోధకుల సంఘం 1992 నుంచి నీతి నియమావళి ప్రచురిస్తున్నది. ఐదవ కూర్పు 2024లో వచ్చింది. నియమావళి సంఘానిదే అయినా విశ్వవిద్యాలయాలు దాన్ని ముందు పెట్టుకునే నడుస్తాయి. పిల్లల్ని పరిశోధనలో చేర్చుకోవాలంటే తల్లిదండ్రుల సంతకం కావాలి, పిల్లలు కూడా సరేననాలి, మధ్యలో వద్దంటే వదిలేయాలి. ఎవరి పేరూ బయటికి రాకూడదు. నీతి సంఘం కాగితం మీద ఆమోదం ఇచ్చే దాకా ఒక్క పిల్లవాడిని ఒక్క ప్రశ్న అడగడానికి లేదు.

వినడానికి సులువే. పరీక్ష మార్కులు వేసే మాస్టారే వచ్చి ‘నా పరిశోధనకు మీ అబ్బాయిని పంపుతారా’ అంటే ఏ తండ్రి కాదంటాడు? అది ఇష్టపడి ఇచ్చిన అనుమతేనా? తోటి టీచర్ల క్లాసుల్లో కూర్చుని గమనించి రాస్తే, చదివిన ఆ టీచర్లు మళ్ళీ స్టాఫ్ రూములో పక్కన కూర్చోనిస్తారా? బడిలో పద్ధతి బాగాలేదని తేలితే ఆ మాట రాయడం ఎలా? ప్రిన్సిపాలు చేతిలో వుంది కాంట్రాక్టు. కాంట్రాక్టు పోతే వీసా పోతుంది, వీసా పోతే కుటుంబమంతా మూటాముల్లె సర్దుకోవాలి. గల్ఫ్‌లో కొలువు చేసే పంతులుకు ఇది బ్రిటన్ ప్రొఫెసరుకు తెలియని భయం. గ్రంథంలో ‘ఒకానొక నగరంలోని ఒకానొక భారతీయ పాఠశాల’ అని రాసినా, రాసింది ఫలానావారని తెలిస్తే బడి ఏదో తెలుసుకోవడానికి అరక్షణం చాలు.

దీనికి తెలివైనవారు కనిపెట్టిన ఉపాయాలు కొన్ని వున్నాయి. తన తరగతి పిల్లల్ని వదిలేసి వేరే బడి పిల్లల్ని తీసుకోవడం. మార్కులు ఇచ్చేసిన తర్వాతనే అనుమతి అడగడం. బడిని కాక తన బోధననే పరీక్షకు పెట్టుకోవడం. ఈ చివరిదే మేలైనదని చెప్పాలి. తన తప్పులు తానే రాసుకునే మాస్టారిని ఏ యాజమాన్యమూ తప్పు పట్టలేదు.

గ్రంథం పూర్తయ్యాక చివరగా వైవా. విశ్వవిద్యాలయం నుంచి ఒకరు, బయటి నుంచి ఒకరు, ఇద్దరు పరీక్షకులు కూర్చుని గంటన్నర రెండు గంటలు అడుగుతారు. కరోనా వచ్చిన 2020 నుంచి ఇది కంప్యూటర్ తెర మీద జరగడమూ మామూలైంది. మార్పులేమీ లేకుండా గట్టెక్కినవారు తక్కువ. చిన్న దిద్దుబాట్లతో పాసు అనిపించుకుంటే అదే పండుగ.

డబ్బు సంగతి, సెలవు సంగతి

ఫీజు విశ్వవిద్యాలయాన్ని బట్టి మారుతుంది. ఏడాదికి వేల పౌండ్లు. పౌండు వంద రూపాయలు దాటిన రోజులివి. ఒమన్ రియాల్ రెండు వందల రూపాయలకు పైన వున్నా, భారతీయ బడి టీచరు జీతం అంతర్జాతీయ స్కూలు టీచరు జీతంతో పోల్చదగినది కాదు. అంతర్జాతీయ స్కూళ్ళు కొన్ని ఫీజులో కొంత భరిస్తాయి. మన బడుల్లో ఆ ఆశ పెట్టుకోలేం. ఐదారేళ్ళ ఫీజు, విమానం ఖర్చు, బస ఖర్చు కలిపితే చిన్న ఇల్లు కట్టుకునే మొత్తం. కొన్ని చోట్ల ఏడాది ఏడాదికి, లేదా పాఠం పాఠానికి కట్టుకునే వీలుంది. అలాంటి చోటే చూసుకోవాలి. మొత్తం ముందే కట్టమంటే అనుమానించాల్సిందే.

వేసవి తరగతులకు ఇంగ్లండ్ వెళ్ళాలంటే వీసా కావాలి. ఆరు నెలల లోపు చదువుకు మామూలు సందర్శకుల వీసా మీద వెళ్ళవచ్చు. దాని మీద అక్కడ కొలువు చేయడానికి లేదు. ‘ఎడ్.డి.లో చేరితే బ్రిటన్‌లో స్థిరపడొచ్చు’ అని చెప్పే ఏజెంటు పచ్చి అబద్ధం చెబుతున్నట్టే. దూరం నుంచి చదివే చదువుతో అక్కడ కాపురం పెట్టే హక్కు రాదు.

డబ్బు కంటే బాధపెట్టేది సెలవు. మస్కట్ బడులకు ఎండాకాలం సెలవులు, ఇంగ్లండ్‌లో వేసవి తరగతులు ఇంచుమించు ఒకేసారి పడతాయి. ఏడాదికి ఒక్కసారి ఊరికి వచ్చే సెలవులు అవే. ఫోనులో ఆ తల్లి అడిగే మాట వేరే వుండదు.

“ఈ ఏడు సుత రావా బిడ్డా?”

“చదువుకు ఇంగ్లండ్ పోవాలెనే అమ్మా. దసరాకు చూస్త.”

“నీ పిల్లలే సదువుకునే ఈడుకొచ్చిండ్రు. ఇంక నువ్వెన్నేండ్లు సదువుతవురా?”

అక్టోబరులో బడికి సెలవు దొరకదు. దసరా అన్న మాట కొడుకుకూ తెలుసు, తల్లికీ తెలుసు.

ఇక్కడ చెల్లుతుందా?

అసలు ముడి ఇది. ఇన్ని కష్టాలకోర్చి తెచ్చిన పట్టా జగిత్యాలలో, కరీంనగర్‌లో, వరంగల్‌లో చెల్లుతుందా?

బ్రిటన్‌లో, గల్ఫ్‌లో, అంతర్జాతీయ స్కూళ్ళలో ఎడ్.డి.కి గౌరవం వుంది. ప్రిన్సిపాలు పదవికి, టీచర్లకు శిక్షణ ఇచ్చే పదవికి అది మెట్టు అవుతుంది. అక్కడే వుండిపోయేవారికి చింత లేదు. తిరిగి వచ్చేవారికే చింత.

మన దేశంలో పిహెచ్.డి. దూరవిద్యలోగాని ఆన్‌లైన్‌లోగాని చేయడానికి వీల్లేదని యు.జి.సి. నిబంధన. 2022 నాటి నిబంధనలు ఉద్యోగం చేస్తూ పార్ట్ టైముగా చదవడానికి ఒప్పుకున్నాయి. పనిచేసే చోటి నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తేవాలి. అదే ఏడాది అక్టోబరులో యు.జి.సి., ఎ.ఐ.సి.టి.ఇ. కలిసి మరో హెచ్చరిక చేశాయి. విదేశీ సంస్థలతో కలిసి ప్రైవేటు కంపెనీలు ప్రచారం చేస్తున్న ఆన్‌లైన్ పిహెచ్.డి.లకు గుర్తింపు లేదని.

విదేశీ పట్టాలకు సమాన గుర్తింపు ఇచ్చే పనిని ఇదివరకు భారత విశ్వవిద్యాలయాల సంఘం చూసేది. 2025 ఏప్రిల్‌లో యు.జి.సి. దీనికి కొత్త నిబంధనలు తెచ్చింది. ఫ్రాంచైజీ పద్ధతిలో, అంటే అసలు విశ్వవిద్యాలయం పేరు అద్దెకు తెచ్చుకుని మరొకరు నడిపే చదువుకు గుర్తింపు లేదని అందులో స్పష్టంగా వుంది. అసిస్టెంట్ ప్రొఫెసరు అర్హతల గురించి 2018లో యు.జి.సి. రాసిన నిబంధనలో ప్రపంచ ర్యాంకుల్లో మొదటి ఐదు వందలలోపు వున్న విదేశీ విశ్వవిద్యాలయం పట్టా చెల్లుతుందని వుంది. కాని అక్కడ వాడిన మాట పిహెచ్.డి. ఎడ్.డి. కాదు.

అమెరికాలో తెగని తగువు అన్నది ఇందుకే. ఎడ్.డి., పిహెచ్.డి. ఒకటేనని బ్రిటన్ విశ్వవిద్యాలయం ఎంత చెప్పినా, ఇక్కడ దరఖాస్తులు పరిశీలించే గుమాస్తా నిబంధనల కాగితం పట్టుకుని అక్షరం అక్షరం సరిచూస్తాడు. అతని తప్పేమీ లేదు. విదేశాల్లో అందరికీ తెలిసిన పట్టాను మన నిబంధనల్లో ఒక్క వాక్యంలో ఒప్పుకోవడమో, కాదనడమో చేయకుండా వదిలిన పెద్దలదే తప్పు.

అందుచేత, ఇక్కడికి తిరిగి రావాలనే ఉద్దేశం వున్నవారు మొదటి ఫీజు కట్టక ముందే చేయవలసిన పని ఒకటుంది. విశ్వవిద్యాలయం పేరు, కోర్సు పేరు, ఎన్నాళ్ళు అక్కడ వుండి చదవాలి, ఎన్నాళ్ళు దూరం నుంచి చదవాలి అన్న వివరాలు రాసి, ఇది ఇక్కడ పిహెచ్.డి.తో సమానంగా చెల్లుతుందా అని యు.జి.సి.కి రాతపూర్వకంగా అడగాలి. జవాబు కూడా రాతలోనే తీసుకోవాలి. ఏజెంటు నోటిమాట, వాట్సాప్‌లో వచ్చిన కరపత్రం, ముందు చేరినవారి భరోసా - వీటిలో ఏదీ రేపు ఇంటర్వ్యూ బోర్డు ముందు పనికిరాదు. జవాబు సరిగా రాకుంటే అదే విశ్వవిద్యాలయంలో పార్ట్ టైము పిహెచ్.డి. వుందేమో చూడవచ్చు. కాకపోతే దానికీ దూరం నుంచి చదివే భాగం గురించి ఇదే ప్రశ్న వేయాలి. ఉస్మానియా, కాకతీయ వంటి మన విశ్వవిద్యాలయాల్లోనూ విద్యాశాస్త్రంలో పిహెచ్.డి. వుంది. దానికి ఊరికి వచ్చేయాలి, లేదా గైడును తరచు కలుసుకునే దారి వుండాలి.

మన లెక్కల మాస్టారికి ప్రవేశ పత్రం వచ్చిందనుకోండి. మొదటి కిస్తు కట్టడానికి నెల రోజుల గడువు. ఊళ్ళో తండ్రి పేర వున్న ఇరవై గుంటల చెలక అమ్మితే సగం ఫీజు వస్తుంది. ఆ తండ్రి బడి మొహం చూడని మనిషి. ఎడ్.డి. అంటే ఏమిటో, బ్రిస్టల్ ఎక్కడుందో ఆయనకు తెలియదు. కొడుకు అరగంట వివరించి చెప్పింది విని అడిగేది ఒక్కటే:

“ఆ కాయితం దెస్తే ఈడ మన జిల్లాల కొలువిస్తరా, ఇయ్యరా? ఆ ముచ్చట రాసిచ్చినంక చెలక సంగతి మాట్లాడుదం.”